పచ్చంటే ఏ పచ్చ?

ముందే చెబుతున్నాను. మా నాచారంలో నా మాటను సగానికి సగం కోసి వింటారు. మిగిలిన సగాన్ని కూడా మా ఇంటామె భాగ్య ఉప్పు నీళ్ళలో కడిగి గానీ నమ్మదు. నన్ను గప్పాల యాదగిరి అంటారు. గప్పాలు కొట్టడమంటే ఉన్నదానికి రంగు వేసి చెప్పడం. నా ఉద్యోగం కూడా రంగులు కలపడమే కాబట్టి రెండూ ఒకే చేతి పని అనుకునేవాడిని. మా కంపెనీ నీలం డబ్బా చెరువులో పడి చేపలన్నీ నీలంగా అయ్యాయనీ, వండితే పులుసు కూడా నీలంగానే వచ్చిందనీ చెప్పి, కాలనీలో నాలుగు ఇళ్ళవాళ్ళతో నెల రోజులు చేపలు మాన్పించాను. ఉప్పల్‌లో మెట్రో స్తంభం ఒకదానికి వానలో రంగు మారే పెయింట్ వేశామని చెబితే, మా బావమరిది నర్సింహ గొడుగు లేకుండా గంటసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు.

ఇందులో చేపలు లేవు. కోయకుండా చదవండి.

ఫిబ్రవరి చివర

నేను పనిచేసేది పారిశ్రామికవాడలో ఒక చిన్న పెయింట్ కంపెనీ. నాది షేడ్ పట్టే పని. కొనేవాళ్ళు తమకు కావలసిన రంగు ముక్క పంపిస్తారు. మేం కలిపిన రంగును కార్డు మీద పూసి, ఆరాక దాని పక్కన పెట్టి చూస్తాను. తేడా ఉంటే ఏ రంగు ఎన్ని చుక్కలు వెయ్యాలో చెబుతాను. మిషన్ కూడా ఉంది, అది అంకెలు చెబుతుంది. అంకెలు చూశాక అందరూ నా ముఖం చూసేవారు. ఇరవై ఆరేళ్ళుగా నా కన్నే మా ఇంటి అన్నం.

ఒక పొద్దున నా ఎడమ కన్ను ఇంకా దిండులోనే ఉండగా భాగ్య చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆమె నుదుటి మీద బొట్టు పసుపు రంగులో ఉంది.

"ఏందే, కుంకుమ అయిపోయిందా? పసువు వెట్టుకున్నవ్?"

"పొద్దుగాల్నే మొదలువెట్టినవా?"

"కాదే, నిజంగ. పచ్చగ కనవడుతున్నది."

"పచ్చకామెర్లు అయినట్టున్నయ్. అయినోనికి లోకమంత పచ్చగనే ఉంటదట" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది.

పసుపులో సున్నం కలిపితే కుంకుమ అవుతుంది. ఎవరో నా కంట్లోంచి ఆ సున్నాన్ని వెనక్కి తీసేసుకున్నట్టుంది. ఇది నేను చెప్పలేదు. చెబితే ఇంకో గప్ప అనేది.

సాయంత్రానికి ఆ సామెత ఆమె తమ్ముడి చెవిన పడింది. నర్సింహ వచ్చి నా కంటి రెప్ప కిందికి లాగి చూశాడు. "తెల్లగుడ్డు జర పచ్చగనే ఉన్నది బావ. ఒంటేలు ఏ రంగుల వస్తున్నది?"

"బంగారం" అన్నాను. అక్కడ నోరు మూసుకోవాల్సింది.

మర్నాడు తెల్లారేసరికి వాడి బండి వెనక కూర్చుని దమ్మాయిగూడ అవతల కామెర్లకు పసరు పోసే మనిషి దగ్గరికి పోతున్నాను. మూడు రోజులు పరగడుపున పసరు, ఆ తర్వాత రెండు వారాలు ఉప్పులేని మజ్జిగన్నం. పసరు మాత్రం చక్కటి ఆకుపచ్చ. అది నాకు బాగా కనిపించింది.

మార్చి

నాలుక చప్పబడింది, కన్ను అలాగే ఉంది. పైగా కుడి కన్ను పక్కకు తిప్పితే లోపల ఎక్కడో ఒక దారం లాగినట్టు నొప్పి. ఉప్పల్‌లో కళ్ళజోడు దుకాణానికి పోయాను. అక్కడ కళ్ళు చూసే ఆమెది గోదావరి జిల్లా.

"ఏమవుతోందండీ?"

"ఎర్రది పచ్చగ కనవడుతున్నది మేడమ్."

"చిన్నప్పటి నుంచీనా?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దిక్కు ఉట్టి పచ్చ అంటే పసుపు. ఆమె దిక్కు ఉట్టి పచ్చ అంటే ఆకు రంగు. నేను ఒకటి చెప్పాను, ఆమె ఇంకొకటి విన్నది. ఎరుపుకూ ఆకు రంగుకూ తేడా తెలియకపోవడం చాలామందికి పుట్టుకతో ఉంటుందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం, అడిగింది కదా అని, నా నోరు దాని పని అది చేసింది.

"మా తాతకు గూడ గంతే మేడమ్. ఎర్రజెండ చూపిస్తె ఎడ్లబండి ఇంక జోరుగ తోలెటోడు."

ఆమె పకపకా నవ్వింది. చీటీ మీద ఏదో రాసుకుంది. "అయితే ఇది పుట్టుకతో వచ్చిందేనండీ. మందుండదు. చదువుకోవడానికి అద్దాలిస్తాను" అంది.

ఇరవై ఆరేళ్ళు షేడ్ పట్టిన కంటికి పుట్టుకతో జబ్బేమిటని నేను అడగాలి. కానీ ఆమె నవ్వింది. నవ్విన మనిషి ముందు కథను వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. అద్దాలు పెట్టుకుని ఇంటికి వచ్చాను.

కంపెనీలో పది రోజులు ఎడమ కంటితోనే నెట్టుకొచ్చాను. కుడి కంట్లో ఏదో పడ్డట్టు రుద్దుకుంటూ, ఒక్కో కార్డు దగ్గర ఒక్కో కథ చెబుతూ. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వుతుంటే ఎవరూ కన్ను చూడరు.

తర్వాత ఒక ఆదివారం పొద్దున ఎడమ కన్ను తుడుచుకుంటూ కుడి కంటితో భాగ్యను చూశాను. చీర ఉంది, చేతులు ఉన్నాయి, వెనక గోడ ఉంది. మధ్యలో ముఖం లేదు.

"భాగ్యా, నీ ముఖం కనవడుతలేదు."

"మంచిదాయె. నాకు గూడ నీ ముఖం చూడబుద్ధయితలేదు."

"ఒట్టు. ఈ కంటికి నీ ముఖమే లేదు."

ఆమె నాలుగు వేళ్ళు ఎత్తి పట్టింది. "ఎన్ని?"

"చెయ్యే లేదు."

ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది. "ఇరవై నాలుగేండ్ల సంది కథలు చెప్పినవ్. గిది నిజమని నాకెట్ల తెల్వాలె? చెప్పు, ఎట్ల తెల్వాలె?" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. లేచి, దుకాణం చీటీ తీసి చేతిసంచిలో పెట్టుకుంది.

ఏప్రిల్

పెద్ద కంటి దవాఖానా. వరుసగా ఇనుప కుర్చీలు, ఎదురుగా నంబర్లు మారే తెర. నాకు కుదురు లేదు. లేచి నీళ్ళ దగ్గరికి పోతాను, తాగకుండా వస్తాను. తలుపు దాకా పోతాను, తలుపు మీద రాసింది చదవబోతాను, మధ్య అక్షరం ఉండదు, వస్తాను. భాగ్య చేతిసంచిని ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తోంది. నాతో మాటల్లేవు.

ఇంకోసారి లేవబోతుంటే పక్క కుర్చీలోంచి ఎవరో నా చొక్కా అంచు పట్టుకున్నారు. డెబ్భై దాటిన ముసలామె. తర్వాత తెలిసింది, పేరు రాజవ్వ, ఉండేది కాప్రా. రెండు కళ్ళకూ మసకే మిగిలింది.

"కూసో కొడుకా. నువ్వు లేసినా నంబర్ లేవది."

కూర్చున్నాను. ఆమె బత్తాయి వలిచి, తడుముకుంటూ సగం నా చేతిలో పెట్టింది. ఏమయిందని అడిగింది. నేను మొదలుపెట్టాను. బొట్టు, పసరు, తాత, ఎడ్లబండి. ఆమె తొనలు నములుతూ అంతా విన్నది.

"మంచిగ చెప్తున్నవ్" అంది. "లోపల మాత్రం చెప్పకు. తాతను గీడనే కూసోవెట్టి పో. నేను చూస్తుంట."

లోపల డాక్టరమ్మ ముప్పై అయిదేళ్ళ మనిషి. ఎర్రది పచ్చగా కనిపిస్తోందని చెప్పాను. ఆమె కలం ఆగింది.

"పచ్చంటే ఏ పచ్చ? పసుప్పచ్చా, ఆకుపచ్చా?"

అయిదు వారాల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. ఇంట్లోవాళ్ళు కామెర్లన్నారు, దుకాణంలో పుట్టుకతో అన్నారు, మూడు మాటల ప్రశ్న ఎవరికీ తోచలేదు. రంగులు అమ్ముకుని బతికే నాకే తోచలేదు.

"పసుపు మేడమ్."

"దుకాణం చీటీలో మీ తాతగారికి కూడా అని ఉంది?"

భాగ్య వైపు చూశాను. ఆమె సంచి తాడు మెలిపెడుతోంది.

"తాత సంగతి అబద్ధం మేడమ్."

కంటి నుంచి మెదడుకు పోయే నరం వాచిందట. మూడు రోజులు చేతికి సూది పెట్టి మందు ఎక్కించారు. తలలో ఇంకేమైనా ఉందేమోనని స్కాన్ తీశారు. ఆ రిపోర్టు వచ్చేదాకా ఉన్న ఒకటిన్నర రోజు గురించి నేను ఇక్కడ రాయను. ఏమీ లేదని తేలింది, అది రాస్తాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది. రోజూ ఏదో ఒక ఎర్రటి వస్తువు తీసుకోండి. ఒక కన్ను మూసి ఇంకో కంటితో చూడండి. ఎలా కనిపించిందో రాసి పెట్టండి.

"ఈనె కథలు రాస్తడు మేడమ్" అంది భాగ్య. నాలుగు రోజుల్లో నా గురించి ఆమె మాట్లాడిన మొదటి మాట.

డాక్టరమ్మ నవ్వలేదు. "మూడు లైన్లు. అంతకంటే వద్దు" అంది.

మే

మందు వాపు తగ్గించింది, మనిషిని మాత్రం ఒక చోట ఉండనివ్వలేదు. ఒంట్లో ఎవరో నా కంటే ముందు లేచి తిరుగుతున్నట్టుండేది. ఆకలి, కోపం, కాళ్ళలో చీమలు. మొదటి రోజు రాసింది ఇది:

మందు సీసా మూత.
ఎడమ కంటికి ఎరుపు.
కుడి కంటికి పాత ఇటుక.

రెండో రోజు ఎర్రటి వస్తువేదీ దొరకలేదు. దొరికిందే రాశాను:

కూర్చుంటే నిలబడాలని, నిలబడితే పోవాలని.
గేటు దాకా పోయి
గేటును చూసి వచ్చాను.

అలా మొదలైంది. వీటిని కవితలనాలో లేదో నాకు తెలియదు. ఎక్కువసేపు కూర్చోలేని మనిషి రాసినవి. కానీ ఒకటి గమనించాను. మొదటి లైను వస్తువుకే పోతుంది. రెండోది చూపుకు పోతుంది. ఇంక మిగిలేది ఒకటే. అబద్ధం చెప్పులు విప్పి లోపలికి వచ్చేలోపే కాగితం అయిపోతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించానో నాకు తెలుసు.

భాగ్య కోపంగా ఉంది.
ఉల్లిగడ్డ కోస్తోంది.
ఏ కన్నీరు దేనిదో నేను అడగలేదు.

కామెర్లు కాదని తెలిశాక నర్సింహ ఇరవై రోజులు మా గుమ్మం తొక్కలేదు. తర్వాత ఒక సాయంత్రం:

నర్సింహ వచ్చాడు.
తప్పయిందని అనలేదు.
రెండు కిలోల క్యారెట్లు తెచ్చాడు.

"కండ్లకు మంచియి బావ" అని వారం వారం తెస్తూనే ఉన్నాడు. పక్కింటివాళ్ళ కుందేలు నాకంటే బాగా చూస్తోంది ఇప్పుడు. (ఇది గప్ప. పక్కింటివాళ్ళకు కుందేలు లేదు. మూడు లైన్లు దాటితే ఇలాగే అవుతుంది.)

కంపెనీకి పోయే దారిలో తురాయి చెట్టు ఉంది. సెలవులో ఉన్నా పొద్దున్నే దాని దాకా నడిచి వచ్చేవాడిని. చెట్టంతా పూసి ఉంది.

కుడి కన్ను మూస్తే వేసవి.
ఎడమ కన్ను మూస్తే
వేసవి అయిపోయింది.

ఇది రాసిన రోజు భాగ్య నా నోటుబుక్కు తెరిచిందని నాకు తెలియదు. వరండాలో కూర్చుని మొదటి నుంచి చదివింది. ఈ ఒక్కదాని దగ్గర చాలాసేపు ఆగిందట:

టమాటలు కడుగుతోంది ఆమె.
నా కుడి కంటికి అవి
ఇంకో నాలుగు రోజులకు పండుతాయి.

వంటింట్లోంచి ఒక టమాట తెచ్చి నా ముందు పట్టుకుంది. ఎడమ కన్ను ఆమే తన అరచేత్తో మూసింది.

"ఇయ్యాల? ఇంకెన్ని దినాలకు పండుతది?"

"మూడు."

"నిజమేనా?"

"నిజమే."

"సరే" అంది. అంతే. ఒట్టు వేయమనలేదు. అరచెయ్యి తియ్యడానికి మాత్రం కొంచెం ఆలస్యం చేసింది. ఆ రోజు నుంచీ రోజూ అడిగేది. రెండన్నాను, ఒకటన్నాను. ఒకటి దగ్గర ఆగిపోయింది. ఆమె అడగడం మానలేదు.

జులై

మళ్ళీ అవే కుర్చీలు. ఈసారి రాజవ్వకు చెబుదామని వచ్చాను, తాతను లోపలికి తీసుకుపోలేదని. బత్తాయిలు కూడా తెచ్చాను. ఆమె లేదు. ముందు వారం రావాల్సింది, రాలేదని కౌంటర్లో అన్నారు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదట. ఆ రోజంతా తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచాను. ఎవరూ చొక్కా పట్టుకోలేదు. పోయిందని ఎవరూ చెప్పలేదు, ఉందనీ చెప్పలేదు. కాప్రాలో రాజవ్వలు ఎంతమంది ఉంటారు, ఎక్కడని వెతుకుతాను. అయినా రెండుసార్లు పోయి చెరువు పక్క సందుల్లో తిరిగాను.

ఆమె కుర్చీలో ఎవరో కూర్చున్నారు.
ఫోన్ చూసుకుంటున్నారు.
కుర్చీకేం తెలుసు.

ఎవరికైనా పనికొస్తుందని ఒక మాట రాస్తున్నాను. నెలకొకసారి ఒక కన్ను మూసి ఇంకో కంటితో లోకాన్ని చూడండి. రెండు కళ్ళూ తెరిచి ఉంటే మంచి కన్ను చెడ్డ కన్ను తప్పు కప్పేస్తుంది. పచ్చ అనకండి. పసుపో, ఆకో తేల్చి చెప్పండి. లోపలికి పోయేటప్పుడు మీ తాతల్ని బయట కూర్చోబెట్టండి.

దసరా దాటాక

అక్షరాలన్నీ చదివాను. చూపు వచ్చిందంది డాక్టరమ్మ. "రంగు మాత్రం ఇంతే ఉండిపోవచ్చు" అంది. ఆ మాట ఇంట్లో చెప్పాను. కంపెనీలో చెప్పలేదు. మా మేనేజర్ సుధాకర్ సారు అప్పటిదాకా నన్ను ప్యాకింగులో ఉంచాడు. "నీ కుర్చీ గట్లనే వెట్టిన అన్నా. కన్ను మంచిగ కాంగనే వచ్చి కూసో" అంటుండేవాడు. ఆ వారం, కన్ను బాగైందని నేనే అన్నాను. చూపు వచ్చింది కదా, అబద్ధం కాదు కదా, అని నాకు నేను చెప్పుకున్నాను.

కూర్చున్న మూడో రోజు బస్సు బాడీలకు వేసే ఎరుపు వచ్చింది. పెద్ద డ్రమ్ము నిండా కలిపి ఉంది. నా పక్కన ఎనిమిదేళ్ళుగా కార్డులు పూసే సరిత కొత్త కార్డు ఆరబెట్టి అసలు ముక్క పక్కన పెట్టింది. కుడి కన్ను మూసి చూశాను. ఒకటే. ఎడమ కన్ను మూసి చూశాను. అప్పుడూ ఒకటే. కుడిది సరే అంటే నేను నమ్మను. ఎడమది పొద్దున్నుంచీ ఒంటరిగా చూసీ చూసీ అలసిపోయింది, అది దేనికైనా సరే అంటుంది. సుధాకర్ సారు, సరిత, డ్రమ్ము దగ్గర ఇద్దరు మనుషులు, అందరూ నా ముఖం చూస్తున్నారు. తలూపితే చాలు. డ్రమ్ము లారీ ఎక్కుతుంది, నా కుర్చీ నాకుంటుంది.

"సార్, తేడా ఉన్నదో లేదో నాకు తెలుస్తలేదు" అన్నాను.

డ్రమ్ము దగ్గరివాడు ముందు నవ్వాడు. సారు కూడా నవ్వాడు. "మల్ల మొదలువెట్టినవా యాదగిరన్నా. జల్ది చెప్పు, లారీ వచ్చేటట్టున్నది."

"నిజంగ సార్."

"అరె, చేపలు గూడ నిజంగనే నీలంగైనయ్ కదనే!" ఇంకా గట్టిగా నవ్వారు.

నోటితో చెబితే ఏదైనా గప్పే అవుతుంది. కార్డు వెనక్కి తిప్పి, రిపోర్టు రాసే చోట రాసి సారు చేతికిచ్చాను:

ఎడమ కంటికి ఎరుపు.
కుడి కంటికి ఎరుపన్న మాట.
మధ్యలో నేను.

సారు చదివాడు. నవ్వు సగంలో ఉండగానే ముఖం మీంచి పోయింది. మళ్ళీ చదివాడు. కార్డు జేబులో పెట్టుకుని, నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "మరి ఈ కుర్చీ ఎవ్వలకియ్యాలె అన్నా?"

"సరితకియ్యి సార్."

సరిత కుర్చీలో కూర్చోలేదు. రెండు ముక్కలూ కిటికీ వెలుతురులోకి తీసుకుపోయింది. ఒకసారి దగ్గరగా, ఒకసారి చెయ్యి చాచి చూసింది.

"ఎర్ర జర తక్కువున్నది అన్నా. రెండు సుక్కలెయ్యి."

డబ్బాలోకి తీసి పెట్టిన నమూనాలో వేసి కలిపాను. ఆమె ఇంకో కార్డు పూసి, ఆరబెట్టి, మళ్ళీ కిటికీ దగ్గరికి పోయింది. నేను ఆమె భుజం మీంచి చూశాను. నాకు ఏమీ మారలేదు.

"ఇగ సరిపోయింది" అంది.

నమ్మాను.